జట్టు ఓడిపోతుంటే గుండెకేమవుతుంది?

మీ ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరని ఈ పేజీ తిప్పేయకండి. క్రికెట్ పిచ్చివాళ్ళయినా ఉండే ఉంటారు. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో మనవాళ్ళు ప్రపంచ కప్పు ఫైనలు ఓడిపోయిన రాత్రి మీ ఇంట్లో అన్నం ముట్టకుండా పడుకున్నది ఎవరో ఒకసారి గుర్తుచేసుకోండి. ఈ వారం రాస్తున్నది వాళ్ళ కోసమే. ఆడేవాళ్ళ ఒంటిని కనిపెట్టుకుని ఉండడానికి డాక్టర్లున్నారు, కాలు బెణికితే పరుగెత్తుకొచ్చేవాళ్ళున్నారు. చూసేవాడి సంగతి ఎవరికీ పట్టదు. అసలు వాడికే పట్టదు.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ సలహా చెబుతున్న డాక్టరు కూడా ఆ జబ్బుమనిషే. సికిందరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నగారి తరంవాళ్ళు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కథ చెబుతూ అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకునేవారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఈ పిచ్చి రాకుండా ఉంటుందా?

మా బావగారిది అంతకంటె ముదిరిన పిచ్చి. మా అక్కయ్య భర్త. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో ఇల్లు. షుగరు వ్యాధి వచ్చి పన్నెండేళ్ళు, రక్తపోటుకు మాత్రలు, రోజుకు నాలుగైదు సిగరెట్లు. మానమని నేను చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు.

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనలు ఆడింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1 అయింది. పెనాల్టీ కిక్కులలో మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపాడు. కప్పు మనకొచ్చింది. ఆ రాత్రి బావగారు వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి స్వీట్లు పంచారు. తనూ నాలుగు తిన్నారు. మర్నాడు షుగరు ఎంతుందో ఇక్కడ రాయను, ఆయన పరువు పోతుంది.

రెండేళ్ళు తిరిగేసరికి అంతా తలకిందులయింది. గెలిపించిన కోచ్ మనోలో మార్కెజ్ 2023లో గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. జీతాల బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోవడానికి వీల్లేదని నిషేధం. 2024 జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్ళలో కెప్టెన్ జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. మిగతా జట్టంతా దాదాపు కుర్రాళ్ళే. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో ఆ పిల్లలతోనే నెట్టుకొచ్చాడు. ఆ సీజనులో 22 ఆటలలో గెలిచింది ఒక్కటి. పట్టికలో అట్టడుగు.

గెలిచే జట్టు అభిమానులకు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఓడిపోయే జట్టుకు మాత్రం ఇంటికొక కోచ్ పుడతాడు. బావగారింట్లో నలుగురు పుట్టారు. ఒకరు బావగారు, ఒకణ్ణి నేను, మూడో ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసిన పక్కింటాయన, నాలుగో వాడు పై వాటాలో అద్దెకుంటున్న సాఫ్ట్‌వేరు కుర్రాడు. రైల్వే ఆయన మందు ఒక్కటే, కోచ్‌ని పీకెయ్యడం. కుర్రాడు కాగితం మీద చుక్కలు పెట్టి వెనక ముగ్గుర్ని ఆడించాలో, నలుగుర్ని ఆడించాలో లెక్కలు వేసేవాడు. చేతిలో పిల్లల్ని పెట్టి పులులతో పోట్లాడమంటే ఏ కోచ్ మాత్రం ఏం చేస్తాడని నా వాదన. దానికి బావగారి దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు.

“రహీం సాబ్ అయితే చేస్తుండె.”

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1962 జకార్తా ఆసియా క్రీడలలో చేసిన సెలక్షను సంగతి అది. జర్నైల్ సింగ్ డిఫెండరు. థాయిలాండుతో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని తరవాతి ఆటల్లో సెంటర్ ఫార్వర్డుగా దింపారు. ఫ్లూ జ్వరంతో పడి లేచిన తంగరాజ్‌ను ఫైనల్లో గోల్‌కీపరుగా నిలబెట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోలు ఆ కుట్ల తలవాడిదే. బావగారికి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ మర్నాటి పేపరు ఇంకా ఆయన ట్రంకు పెట్టెలో ఉంది. “ముందు బలరాం, చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ ఉంటే నేను కూడా రహీం సాబ్‌నే బావా” అని నేననేవాణ్ణి. అక్కడినుంచి గంటన్నర.

(తల మీద కుట్లున్నవాణ్ణి బంతిని తలతో కొట్టడానికి దింపడం డాక్టరుగా నేను ఒప్పుకోను. అభిమానిగా ఆ గోలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఏం చెయ్యను?)

ఇక అసలు సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. ఎవరితో ఆటో చెప్పను, ఓడిపోయామని వేరే చెప్పక్కరలేదు. మొదటి సగంలోనే రెండు గోళ్ళు పడ్డాయి. విరామంలో బావగారు వరండాలోకి వెళ్ళి సిగరెట్టు కాల్చుకొచ్చారు. రెండో సగంలో కోచ్ ఒక కుర్రాణ్ణి దించి ఇంకొకణ్ణి పంపాడు. దాని మీద రైల్వే ఆయనకీ నాకూ మాట పెరిగింది. మా ఇద్దరి మధ్యా కూర్చున్న బావగారు ఎడమ దవడ రుద్దుకుంటున్నారు. అది నేను చూశాను. పది నిమిషాలు చూశాను. పన్ను నొప్పి కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. నా వాదనలో నేనున్నాను.

బజ్జీల పళ్ళెంతో అక్కయ్య వచ్చింది. ఆమెకు ఫుట్‌బాల్‌లో ఎటువైపు గోలో కూడా తెలియదు. ఒక్క క్షణం నిలబడి చూసింది.

“తమ్మీ, బావ అంగీ జూడు. ఫ్యాను తిరుగుతుంటే గంత చెమటేంది?”

“ఏం లేదే, మిరపకాయ ఘాటు. గ్యాసు. జర పక్కకు జరుగు, కార్నర్ కిక్ ఉంది” అన్నారు బావగారు.

అక్కయ్య టీవీ కట్టేసింది. “ఆట అయిపోయింది. లెవ్వుండ్రి” అంది.

అప్పుడు నేను నాడి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఇన్నేళ్ళ ప్రాక్టీసు అప్పటికి నిద్రలేచింది. 108కి ఫోను చేశాను. ఆసుపత్రిలో ఇ.సి.జి. తియ్యగానే తేలిపోయింది, గుండెపోటు. మూసుకున్న రక్తనాళంలో స్టెంటు వేశారు. గుండె డాక్టరు, “ఎప్పుడు మొదలైంది?” అని అడిగారు. బావగారు ఏమన్నారో తెలుసా?

“ఫస్టాఫ్‌ల రెండో గోలు పడ్డప్పుడు సార్.”

అంటే గంటకు పైగా. ఆయనకు తెలుసు. ఆట మధ్యలో లేవడం ఇష్టంలేక చెప్పలేదు. పక్కనే డాక్టరున్నాడు, ఆ డాక్టరు కోచ్ ఉద్యోగంలో ఉన్నాడు.

ఇంతకీ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం జరుగుతుంది? మీ పెద్ద మెదడుకు అది టీవీ అని తెలుసు. కాని అపాయం వచ్చినప్పుడు ఒంటిని సిద్ధం చేసే పాత యంత్రాంగం ఒకటుంది, దానికి ఆ తేడా తెలియదు. గోలు పడుతోందంటే అది ఎడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు లేస్తుంది, నెత్తురు గడ్డకట్టే గుణం కూడా కాస్త పెరుగుతుంది. పాతకాలంలో గాయమైతే నెత్తురు పోకుండా అది మేలే. మైదానంలో ఉన్నవాడు పరుగెత్తుతాడు గనక ఆ సరంజామా అంతా పనికొస్తుంది. మీరు సోఫాలో బజ్జీ తింటూ ఉంటారు. రక్తనాళంలో ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వు పొక్కు ఉంటే, ఆ ఒత్తిడికి పగలవచ్చు. పగిలిన చోట నెత్తురు గడ్డకడితే దారి మూసుకుపోతుంది.

ఇది నేను బావగారి ఒక్కరిని చూసి చెబుతున్న మాట కాదు. 2006లో ప్రపంచ కప్పు జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు డాక్టర్లు లెక్కలు తీశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అత్యవసర గుండె జబ్బు కేసులు మామూలు రోజులకంటె 2.66 రెట్లు వచ్చాయి. మగవాళ్ళలో 3.26 రెట్లు, ఆడవాళ్ళలో 1.82 రెట్లు. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ. అంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్ళకు దెబ్బ మరీ ఎక్కువగా తగిలింది. 1998లో అర్జెంటీనా చేతిలో ఇంగ్లండు పెనాల్టీలలో ఓడిపోయినప్పుడు ఆ రోజూ, తరవాతి రెండు రోజులూ ఇంగ్లండు ఆసుపత్రుల్లో గుండెపోటు చేరికలు 25 శాతం పెరిగాయి. అదే ఏడు ఫ్రాన్సు కప్పు గెలిచిన రోజున ఫ్రెంచి మగవాళ్ళలో గుండెపోటు మరణాలు తగ్గాయట! కాని గెలుపు మందుల షాపులో దొరకదు గదా.

భయపడకండి. ఆరోగ్యంగా ఉన్నవారు ఆట చూసినంత మాత్రాన ఏమీ కాదు. కొద్దిగా ఉన్న ప్రమాదం రెండింతలైనా అది కొద్దిగానే ఉంటుంది. షుగరు, రక్తపోటు, సిగరెట్టు, పాత గుండె జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ విషయంలో నేను చూసే పెద్ద తప్పు ఆట చూడడం కాదు, ఆట ఉన్న రోజున మాత్ర మరచిపోవడం. రాత్రి వేసుకోవలసింది “ఆట అయ్యాక” అంటారు, అయ్యాక కోపంతో పడుకుంటారు. ఇన్సులిను తీసుకుని, అన్నం పళ్ళెం పక్కన పెట్టి టీవీలో మునిగిపోయేవాళ్ళకు చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. వీళ్ళందరూ ఆటకు ముందే మాత్ర వేసుకోవాలి, వేళకు తినాలి. బజ్జీలు, అప్పడాలు, మిక్స్చరు పళ్ళాలకు పళ్ళాలు ఖాళీ చేస్తే ఆ ఉప్పు రక్తపోటుకు తోడవుతుంది. సిగరెట్టు గురించి చెప్పేదేముంది!

ఇక వాదన సంగతి. ఆట తొంభై నిమిషాలే. “వాణ్ణి ఎందుకు దింపాడు, వీణ్ణి ఎందుకు ఆడించలేదు” అనే పోట్లాట అర్ధరాత్రి దాకా నడుస్తుంది. పట్టరాని కోపం వచ్చిన తరవాత రెండు గంటల పాటు గుండెపోటు ప్రమాదం పెరిగి ఉంటుందని పరిశీలనల్లో తేలింది. అందుకని వాదించకండి అంటానా? అననే అనను. నలుగురు కూర్చుని జట్టును తిట్టుకోవడం ఒంటికి మంచిదే. రిటైరయిన మగవాళ్ళకు మనసులో మాట చెప్పుకోవడానికి వేరే దారి ఉండదు. కొడుకు అమెరికానుంచి ఫోను చెయ్యలేదన్న బాధ చాలాసార్లు గోల్‌కీపరు మీద పోతుంది. పోనివ్వండి. నలుగురిలో తిట్టినది అక్కడితో పోతుంది. ఒంటరిగా పడుకుని పైకప్పు చూస్తూ అదే తప్పును వందసార్లు తలపోసుకోవడం మాత్రం ఒంటిని తినేస్తుంది.

పై వాటా కుర్రాడిది సరిగ్గా అదే. హైదరాబాద్ జట్టు చాలదన్నట్టు అతనికి మాంచెస్టర్ యునైటెడ్ కూడా ఉంది. 2024-25లో ఆ జట్టు లీగులో 15వ స్థానానికి పడిపోయింది. అక్టోబరులో ఒక కోచ్‌ని తీసేసి నవంబరులో ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు, మే నెలలో యూరోపా లీగు ఫైనలు కూడా పోగొట్టుకున్నారు. అక్కడ రాత్రి ఎనిమిదికి ఆట అంటే మనకు చలికాలంలో ఒకటిన్నర. ఆట అయ్యేసరికి మూడున్నర, దాని మీద ఫోనులో వాదం తెల్లవారేదాకా. తొమ్మిదికి ఆఫీసు. తలనొప్పి అని నా దగ్గరకు వస్తే రక్తపోటు 150/96 ఉంది, వయసు ఇరవై తొమ్మిది. మాత్ర రాయలేదు. “నెల్లాళ్ళు అర్ధరాత్రి ఆటలు మర్నాడు పొద్దున చూడు. స్కోరు ముందే తెలిసిపోతుంది కదా అంటావేమో, మీ జట్టు స్కోరు చూడకముందే తెలుస్తూనే ఉంది కదా” అన్నాను. చురుక్కుమన్నాడు కాని విన్నాడు. నెల తరవాత 132/84. నిద్ర అంత పని చేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆ గంట. గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉంటుందని అందరికీ తెలుసు. దవడలో, ఎడమ చేతిలో, మెడలో, వీపులో, పొట్ట పైభాగంలో మాత్రమే నొప్పి రావచ్చని చాలామందికి తెలియదు. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పే లేకుండా చెమట, ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. ఆడవాళ్ళలో కూడా ఇలా మారువేషంలో వస్తుంది. “గ్యాసు” అని సోడా తాగి కూర్చుంటే నిమిషనిమిషానికీ గుండె కండరంలో కొంత చచ్చిపోతూ ఉంటుంది, అది మళ్ళీ రాదు. వెంటనే 108. స్కూటరు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి, మెట్లెక్కించకండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఇబ్బంది ఉన్నవారు కాకపోతే, ఫోనులో డాక్టరు చెప్పినట్టు ఒక మాత్ర నమిలిస్తారు. పక్కింటివాళ్ళ సార్బిట్రేటు మాత్ర నాలుక కింద పెట్టకండి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

బావగారు బతికారు. అయితే ఆ గంట ఖరీదు ఆయన ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. ఆయన గుండె పంపు చేసే శక్తి 45 శాతం దగ్గర ఆగింది. మా ఇంటి మెట్లు మధ్యలో ఒకసారి నిలబడి ఎక్కుతారు. నిలబడి, “ట్రాఫిక్ జామ్” అంటారు. నేను నవ్వలేను.

సిగరెట్టు మాత్రం మానేశారు. నా మాట విని కాదు. ఆసుపత్రినుంచి వచ్చిన రెండు నెలలకు రహీం గారి మీద తీసిన ‘మైదాన్’ సినిమా వచ్చింది. సినిమాలో ఆయన చేతిలో సిగరెట్టు ఆరదు. జకార్తా గెలుపు తరవాత తొమ్మిది నెలలకు, 1963 జూనులో, ఊపిరితిత్తుల కాన్సరుతో పోయారు. యాభై మూడేళ్ళు. బావగారు హాలునుంచి బయటికొచ్చి జేబులో పెట్టె తీసి చెత్తబుట్టలో వేశారు. “ఇంకో పదేండ్లు ఉంటే ఎన్ని టీంలను తయారుచేస్తుండెనో” అన్నారంతే.

అక్కయ్య కొత్త చట్టం పెట్టింది. మాత్రలు వేసుకున్నాకే టీవీ. విరామంలో అందరూ లేచి వరండాలో పది నిమిషాలు నడవాలి. ఆట అయిన రాత్రి సెలక్షను మాట ఎత్తకూడదు, మర్నాడు పొద్దున నడకలో ఎంతసేపైనా తిట్టుకోవచ్చు. నడుస్తూ వాదిస్తే గొంతు తనంతట తనే తగ్గుతుంది, ఊపిరి చాలదు గనక. ఇంతకంటె మంచి మందు నేను ఏ చీటీ మీదా రాయలేదు.

2024-25లో కూడా జట్టు బాగుపడలేదు. డిసెంబరులో కోచ్‌ని మార్చారు, రైల్వే ఆయన కోరిక తీరింది. అయినా పదమూడు జట్లలో పన్నెండో స్థానమే. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఆ వార్త చదివిన రోజు బావగారు నడకకు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది. అక్కయ్య ఫోను చేసి, “తిండి సరిగ తింటలేరు తమ్మీ, మాట్లాడ్తలేరు” అంది. గుండెపోటు వచ్చినవాళ్ళలో దిగులు పట్టుకుంటే దాన్ని తేలికగా తీసుకోకూడదు. మాత్రలు మానేస్తారు, నడక మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి.

నేను వెళ్ళాను. “ఓడిపోతే తిట్టుకుంటుంటిమి. ఇప్పుడు తిట్టనీకి గూడ టీం లేకపాయె” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చెప్పులు తొడిగించి బయటికి తీసుకెళ్ళాను. సందు చివర ఖాళీ స్థలంలో పిల్లలు ఆడుకుంటున్నారు, రెండు ఇటుకలు గోలు. బావగారు గోడకు ఆనుకుని కాసేపు చూశారు. ఎర్ర చొక్కా పిల్లవాణ్ణి వెనక నిలబెట్టడం శుద్ధ తప్పన్నారు. వాడి కాలు చురుగ్గా ఉంది, ముందుకు పంపాలట.

నేను ఒప్పుకోలేదు. వాడు ముందుకు పోతే వెనక ఎవరుంటారు? రోజూ సాయంత్రం దాని మీదే నడుస్తోంది.